గీజరు పీకేసే ముందు మీటరు మీద ఎర్ర లైటు లెక్కపెట్టండి

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో అద్దెకుంటున్నాం, ఇంట్లో నలుగురం. గీజరు వేయని నెలల్లో 200 యూనిట్లు కాలేవి. ధనుర్మాసంలో 260 వచ్చాయి, బిల్లేమో ఒకటిన్నర రెట్లయింది. గీజరు తీసేసి రాడ్డు పెట్టుకుంటే సగానికి సగం తగ్గుతుందని చెబుతున్నారు. నిజమేనా?

జవాబు:

కాదండి. నీళ్లను వేడి చేసేది రాడ్డయినా, 15 లీటర్ల గీజరైనా, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ అయినా లీటరుకు పట్టే కరెంటు ఒకటే. ఈ లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు: ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు పెరగాలి, ఈ రెండూ గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. మిద్దె మీద ట్యాంకులో నీళ్లు తెల్లారుజామున 24 డిగ్రీలున్నాయనుకోండి. స్నానానికి 40 చాలు. 20 లీటర్ల బకెట్‌కు 20 × 16 ÷ 860, అంటే 0.37 యూనిట్. నలుగురికి నాలుగు బకెట్లు, రోజుకు యూనిటున్నర, నెలకు 45. ఇది ఏ హీటరుతోనూ తప్పదు.

మీకు పెరిగింది 60. అంటే స్నానాలకు పోగా 15 యూనిట్లు ఎక్కడో ఊరికే పోతున్నాయి. చలికాలంలో ఫ్యాన్లు ఆపేసి ఉంటే ఆ మిగిలిన కరెంటునూ గీజరే తినేసినట్టు లెక్క, కాబట్టి దండగ ఇంకా ఎక్కువే ఉండొచ్చు. వెతకాల్సింది దాన్ని.

బిల్లు అంతలా ఎగరడానికి కారణం శ్లాబులు. 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. 200 యూనిట్లకు వాడకం ఛార్జీ 867 రూపాయలు. పైన పడ్డ 60 యూనిట్లలో 25 ఆరు రూపాయల లెక్కన, మిగతా 35 ఎనిమిది ముప్పావు లెక్కన పడ్డాయి, మొత్తం 456. ఫిక్స్‌డ్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు, సుంకం ఇవన్నీ వేరే. యూనిట్లు 30 శాతం పెరిగితే ఛార్జీ 50 శాతం దాటింది. 225 దాటితే మొత్తం యూనిట్లకూ పెద్ద రేటు పడుతుందని చాలామంది ఇప్పటికీ భయపడుతుంటారు. అది వాడకాన్ని బట్టి ఇళ్లను ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీసిన పాత రోజుల మాట. ఇప్పుడు దాటిన యూనిట్లకే పెద్ద రేటు. అందుకే మీరు తగ్గించే మొదటి 35 యూనిట్లూ 8.75వే, ముందు పోయేవి అవే.

ఇక పరీక్ష. మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంటుంది. దాని పక్కనో కిందనో 3200 అనో 1600 అనో అంకె ఉంటుంది, ఒక యూనిట్‌కు అన్నిసార్లు మిణుకుతుందని దానర్థం. గీజరు ఎంసీబీ (బోర్డులో దాని లైనుకు ఉండే స్విచ్) ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపండి. ఉడుకునీళ్లు కాసేపు వదిలేసి గీజరు వేయండి, దాని మీది లైటు వెలిగాక ఫోన్‌లో మీటరును ఒక్క నిమిషం వీడియో తీయండి, నెమ్మదిగా నడిపించి లెక్కపెట్టండి. నిమిషానికి ఎన్ని మిణుకులో దాన్ని 60తో గుణించి మీటరు మీది అంకెతో భాగిస్తే కిలోవాట్లు. 2000 వాట్ల గీజరుకు 3200 మీటరు మీద దాదాపు 107, 1600 మీద 53 రావాలి. ఆ తర్వాత గీజరు కూడా ఆపేయండి. అన్నీ ఆపినా మిణుకుతూనే ఉంటే మీ మీటరులో మెట్ల లైటో, మోటారో, పక్క పోర్షను వైరో కలిసిందన్నమాట, లేదా ఎక్కడో లీకేజీ ఉంది. అద్దె ఇళ్లలో ఇది మామూలే. ఇంటాయనకు ఆ వీడియోనే చూపించండి. మీటరే తప్పు తిరుగుతోందని తేలితే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

మీటరు సరిగా ఉంటే గీజరు దగ్గరికి రండి. రాత్రి పడుకునే ముందు నీళ్లు పూర్తిగా కాగి లైటు ఆరిపోయాక, ఎవరూ వాడకుండా ఆరు గంటలు స్విచ్ వేసే ఉంచి, మళ్లీ మళ్లీ ఎంతసేపు వెలుగుతుందో చూడండి (దాని ముందు పాత ఫోన్ ఒకటి రికార్డింగ్‌లో పెడితే సరి). 2000 వాట్ల గీజరు మొత్తం 5 నిమిషాలు వెలిగితే 0.17 యూనిట్, ఇరవై నాలుగు గంటలకు దాదాపు 0.67. పగలంతా స్విచ్ వేసే ఉంచే ఇళ్లలో నెలకు 20 యూనిట్లు ఇలాగే గోడకు పోతాయి. "ఆపి మళ్లీ వేస్తే ఎక్కువ కాలుతుంది" అనేది తప్పు. నీళ్లు ఎంత వేడిగా ఎంతసేపు ఉంటే అంత వేడి బయటికి పోతుంది, అంతే. కొత్తది కొనేటప్పుడు స్టార్ లేబుల్ మీద స్టాండింగ్ లాస్ అని రాసి ఉండే అంకె తక్కువున్నదే తీసుకోండి.

మీరు అస్సలు పట్టించుకోని దొంగ ఇంకొకటి ఉంది, ఉడుకునీళ్ల కుళాయి కారడం. కుళాయి కింద గిన్నె పెట్టి గంటసేపు చూడండి. గంటకు ఒక్క లీటరు కారినా రోజుకు 24 లీటర్లు. స్విచ్ పగలూ రాత్రీ వేసి ఉంటే అవన్నీ 60 డిగ్రీలకు కాగి కారిపోయేవే, అంటే రోజుకు ఒక యూనిట్, నెలకు 30. పదీ ఇరవై రూపాయల వాషరుతో పోయేదానికి 8.75 లెక్కన 260 రూపాయలు కడతామా? అలాగే గీజరులోకి వచ్చే చన్నీళ్ల పైపును రెండు మూడు మీటర్ల పైన చేత్తో తాకి చూడండి. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా అక్కడ వెచ్చగా ఉంటే ఉడుకునీళ్లు వెనక్కి ఎగదన్ని ట్యాంకు వైపు పోతున్నాయి. నాన్ రిటర్న్ వాల్వ్ లేదు, లేదా చెడింది. ప్లంబర్‌తో వేయించండి.

నీళ్లు ఎంత వేడికి కాగాలో చూసుకునే థర్మోస్టాట్ 75లో ఉంటే 55-60కి దించండి. వేడి తక్కువ పోతుంది, కాయిల్ మీద ఉప్పు కట్టడమూ తగ్గుతుంది. అంతకంటే దించవద్దు, గోరువెచ్చగా రోజుల తరబడి నిల్వ ఉన్న నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. 15 లీటర్లు 24 నుంచి 60కి కాగడానికి 2 కిలోవాట్లతో 19 నిమిషాలు చాలు. ఒక బకెట్‌కు 9 లీటర్ల ఉడుకునీళ్లు, 11 చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీలు. కాబట్టి స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, నలుగురూ వెంటవెంటనే చేసి, చివరివాళ్లు బాత్రూంలోకి వెళ్లే ముందు ఆపేయండి.

ఉప్పు కడితే కరెంటు ఎక్కువ కాలుతుందని మెకానిక్‌లు భయపెడతారు. అది పూర్తి నిజం కాదు. కాయిల్ తీసుకున్న కరెంటంతా చివరికి నీళ్లలోకే పోతుంది. అసలు నష్టం వేరు: ఉప్పు పొర కింద కాయిల్ వేడెక్కి కాలిపోతుంది, థర్మోస్టాట్ గొట్టం మీద పేరుకుంటే నీళ్లు సెట్టింగు దాటి కాగుతాయి, ట్యాంకులో స్థలం తగ్గి ఉడుకునీళ్లు తక్కువొస్తాయి. బోరు నీళ్లు వాడే ఇంట్లో ఏడాదికోసారి మెయిన్ ఆపి, నీళ్లు వదిలేసి, కాయిల్ తీయించి, లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంటో రెండు గంటలో నానబెట్టండి. బాత్రూం యాసిడ్ వద్దు, లోహాన్నే తినేస్తుంది. అదే సమయంలో ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం రాడ్ సగానికి అరిగి ఉంటే మార్చండి, రబ్బరు గ్యాస్కెట్ కొత్తది వేయండి. మళ్లీ వేసేటప్పుడు ఉడుకునీళ్ల కుళాయి తెరిచి నీళ్లు ధారగా వచ్చాకే స్విచ్.

లో వోల్టేజీ వల్ల బిల్లు పెరిగిందనే మాట కూడా పట్టించుకోకండి. 200 వోల్టులకు 2000 వాట్ల గీజరు 1500 వాట్లే తీస్తుంది, ఆలస్యంగా కాగుతుంది, యూనిట్లు అవే.

రాడ్డు సంగతికొస్తే, 1500 వాట్ల రాడ్డుతో బకెట్ 15 నిమిషాల్లో 40కి చేరుతుంది. మామూలు రాడ్డుకు థర్మోస్టాట్ ఉండదు. మరిచిపోయి అరగంట ఉంచేశారంటే ముప్పావు యూనిట్, రెట్టింపు ఖర్చు. పైగా అది ప్రాణాంతకం. స్విచ్ ఆపి ప్లగ్ పీకకుండా నీళ్లలో చేయి పెట్టకూడదు, ఇనుప బకెట్‌లో వాడకూడదు, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దంటాను. గీజరుకైనా 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్త్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ప్లగ్ పసుపురంగుకు తిరిగినా, ముట్టుకుంటే కాలుతున్నా ఆ రోజే మార్పించండి.

గ్యాస్ పొయ్యి మీద కాచుకుంటే? 14.2 కిలోల సిలిండరు 900 రూపాయలనుకుంటే, పొయ్యి మీద అరవై శాతం వేడే నీళ్లకు పట్టి, యూనిట్‌కు దాదాపు 8.25 పడుతుంది. 8.75 శ్లాబుకు దగ్గరే, శ్రమే ఎక్కువ. గ్యాస్ గీజరు చవకగా వస్తుంది గానీ మూసిన బాత్రూంలో పెడితే కార్బన్ మోనాక్సైడ్‌తో మనిషి పోతాడు, బయట గోడకు పెట్టే వీలుంటేనే ఆలోచించండి. సోలార్ ఇంటాయన చేతిలో పని, మిద్దె ఆయనది కాబట్టి.

ముందు ఎర్ర లైటు నిమిషానికి ఎన్నిసార్లు మిణికిందో, మీటరు మీది అంకె ఎంతో, గీజరు వాట్లు ఎంతో, గిన్నెలో గంటకు ఎన్ని నీళ్లు పడ్డాయో, ఈ నాలుగూ రాయండి. దాన్ని బట్టి ఆ 15 యూనిట్లు ఏ దారిన పోతున్నాయో చూద్దాం.