టికెట్టు ఫైన్ కట్టేసే ముందు ఒక్కసారి ఆగండి

టెక్సస్‌లో స్పీడింగ్ టికెట్టు పడగానే ఇండియా నుంచి కొత్తగా వచ్చిన మన పిల్లలు చేసే పని ఒకటే: ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేసి, పీడ వదిలిందని పడుకోవడం. వదల్లేదు బాబూ. ఫైన్ కడితే ‘నో కాంటెస్ట్’ (తప్పు ఒప్పుకోను, అలాగని వాదించను) అని చెప్పినట్టే లెక్క. అది కన్విక్షన్‌గా, అంటే తప్పు రుజువైనట్టుగా, డ్రైవింగ్ రికార్డుకెక్కుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు మామూలుగా మూడేళ్ల రికార్డు చూస్తాయి. ఇక్కడ డ్రైవింగ్ చరిత్ర లేని కొత్తవాళ్లకి ప్రీమియం ఎలాగూ ఎక్కువే, దానికి ఇది తోడవుతుంది. పాలసీ రెన్యువల్ అయిన ప్రతిసారీ ఆ పెరిగిన ముక్క కూడా కట్టుకోవాలి. ఫైన్ ఒక్కసారితో పోతుంది, ప్రీమియం అలా పోదు.

ముందు పోలీసు ఇచ్చిన టికెట్టు కాగితం చదవండి. దాని మీద మీరు పెట్టిన సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి జవాబిస్తానని మాటిచ్చినట్టు. సిటీ పోలీసు రాస్తే మునిసిపల్ కోర్టు, హైవే ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) గానీ షెరిఫ్ డిప్యూటీ (కౌంటీ పోలీసు) గానీ రాస్తే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు. మీ కేసు ఇంకా ఆన్‌లైన్‌లో కనబడట్లేదని ఊరుకోకండి, ఫోన్ చేసి అడగండి. అప్పియరెన్స్ డేట్ (కోర్టుకి జవాబివ్వాల్సిన ఆఖరి తేదీ) దాటిందంటే వారంట్ రావచ్చు, లైసెన్స్ రెన్యువల్ ఆగిపోవచ్చు.

మన జేబుకి అన్నిటికన్నా మేలైనది డిఫెన్సివ్ డ్రైవింగ్. ఆరు గంటల కోర్సు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, సరిగ్గా పూర్తిచేస్తే టికెట్టు కొట్టేస్తారు. గడిచిన 12 నెలల్లో ఇలాగే కోర్సు చేసి టికెట్టు కొట్టేయించుకుని ఉండకూడదు. వేగం పరిమితికన్నా 25 మైళ్లు, ఆపైన ఎక్కువున్నా, గంటకి 95 మైళ్లు, ఆపైన ఉన్నా, మనుషులు పనిచేస్తున్న కన్‌స్ట్రక్షన్ జోన్‌లో పడినా ఇది కుదరదు. అప్పియరెన్స్ డేట్ లోపలే కోర్టుని అడగాలి. అప్పుడే నో కాంటెస్ట్ ప్లీ, ఇన్సూరెన్స్ కాగితం, కోర్టు ఖర్చులు ఇచ్చుకోవాలి. కోర్టు ఒప్పుకున్నాకే కోర్సు మొదలుపెట్టండి. ఆ రోజు నుంచి 90 రోజుల గడువు.

చాలామంది చిక్కుకునేది ఇక్కడే. కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే కోర్టుకి పంపి పనైపోయిందనుకుంటారు. డీపీఎస్ (లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ) నుంచి టైప్ 3ఎ రకం డ్రైవింగ్ రికార్డు కూడా తెప్పించి పంపాలి. 2ఎ పనికిరాదు. సర్టిఫికెట్‌లో కోర్టు కాపీ వేరు, ఇన్సూరెన్స్ కాపీ వేరు. రెండోది మీ ఏజెంటుకి పంపి డిస్కౌంట్ ఉందేమో అడగండి, అడిగితే పోయేదేం లేదు.

ఇంకో చిక్కు: ఈ కోర్సు హక్కుగా దొరకాలంటే టెక్సస్ లైసెన్స్ ఉండాలి. ఇండియా లైసెన్స్‌తో నడుపుతున్నవాళ్లూ, వేరే రాష్ట్రం లైసెన్స్‌తో ప్రాజెక్టుకని ఇక్కడికి మారినవాళ్లూ డిఫర్డ్ డిస్పోజిషన్ (తీర్పు కొన్నాళ్లు వాయిదా వేయడం) అడగాలి. అది జడ్జి ఇష్టం. ఖర్చు ఇంచుమించు ఫైన్ అంత ఉండొచ్చు, అయినా దండగ కాదు. 180 రోజుల వరకూ గడువు పెడతారు. ఆ లోపల ఇంకో టికెట్టు పడకుండా, చెప్పిన షరతులన్నీ తీరిస్తే కేసు కొట్టేస్తారు, కన్విక్షన్ ఉండదు. పాతికేళ్ల లోపువాళ్లకి దీంతోపాటు డ్రైవింగ్ కోర్సూ తప్పదు. రెండు దారులూ మూసుకుపోయినప్పుడే లాయరుకి డబ్బు పెట్టండి.

ఇన్సూరెన్స్ ఉండి కూడా కాగితం చూపలేక టికెట్టు పడితే, ఆ రోజుకి పాలసీ అమల్లో ఉందని కోర్టుకి చూపిస్తే కొట్టేస్తారు. రిజిస్ట్రేషన్ గడువు దాటిందని రాస్తే, 20 పనిదినాల్లోగానో అప్పియరెన్స్ డేట్ లోగానో, ఏది తర్వాతైతే అప్పటికి, రెన్యూ చేసి చూపించండి. మహా అయితే 20 డాలర్ల రుసుముతో కొట్టేయవచ్చు. ఇలాంటివాటికి కూడా పూర్తి ఫైన్ కట్టేసేవాళ్లున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తాగి నడిపి అరెస్టయితే అది టికెట్టు వ్యవహారం కాదు, వీసాయే రద్దు కావచ్చు. వెంటనే క్రిమినల్ లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరునీ పట్టుకోవాలి. మామూలు టికెట్టయినా కేసు కొట్టేసిన ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచండి. రేపు సిటిజన్‌షిప్ అర్జీలో సైటేషన్ల (ఇలాంటి టికెట్ల) గురించి కూడా అడుగుతారు.