పాస్‌బుక్ సంగతి తర్వాత, ముందు తేదీ చూడండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. 1984లో ఒక పెద్దాయన 80 సెంట్ల భూమిని మా జిల్లా పరిషత్ హైస్కూలుకు ఆటస్థలంగా తెల్లకాగితం మీద రాసిచ్చారు. రిజిస్టరు కాలేదు. గత అక్టోబరు 1న, దసరా సెలవుల్లో, ఆయన మనవడు పొక్లెయిన్ దించి చేపల చెరువు తవ్వేశాడు. పీకేసిన వాలీబాల్ స్తంభాలు గట్టు మీద పడున్నాయి. ఇంకా నీళ్లు పెట్టలేదు. పట్టాదారు పాస్‌బుక్ తన పేరునే ఉందంటున్నాడు. పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) గారు పిల్లల్ని కాలువగట్టు మీద పరుగెత్తిస్తున్నారు. మూడు అర్జీలు పెట్టాం. ఇప్పుడేమో రోడ్డువైపు 20 సెంట్లు వాడుకోనిస్తాను, ఒప్పందం రాసుకుందాం అంటున్నాడు. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పుట్టిన కోనసీమలో మా పిల్లలకు ఈ గతేమిటి? – తల్లిదండ్రుల కమిటీ ఛైర్మన్

జవాబు: మీ ఉత్తరం మొత్తంలో కేసును తేల్చే మాట ఒక్కటే: అక్టోబరు 1. స్వాధీనంలో ఉన్నవారిని చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో భూమి ఎవరిదని కోర్టు అడగదు, పాస్‌బుక్ అక్కడ పనిచేయదు. డిక్రీ మీద అప్పీలు కూడా లేదు. మార్చి నెలాఖరు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ దావాలకు వర్తించదు. మీరు పెట్టిన మూడు అర్జీల వల్ల గడువు ఒక్కరోజు కూడా ఆగలేదు. నాలుగు నెలలు రసీదులు దాచుకుంటూ కూర్చున్నారు, ఒక్క వకీలునైనా అడిగారా?

గడువు దాటితే హక్కు గురించే కొట్లాడాలి. అక్కడ మీ బలం తక్కువ. స్థిరాస్తి దానం రిజిస్టరు కావాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 చెబుతోంది కాబట్టి, ఆ కాగితంతో బడికి హక్కు రాలేదు. 12 ఏళ్లకు పైబడిన స్వాధీనాన్ని ఆధారం చేసుకుని దావా వేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ ప్రభుత్వమే పౌరుడి భూమిని ఇలా సొంతం చేసుకోవడం తగదని అదే కోర్టు వేరే తీర్పుల్లో మందలించింది. ‘మేం లాక్కోలేదు, యజమానే పిలిచి ఇచ్చాడు’ అని మనం వాదించవచ్చు. అది ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. ఆ కాగితాన్ని మాత్రం పారేయకండి. స్టాంపు సుంకం, జరిమానా కడితే, స్వాధీనం ఎలా వచ్చిందో చూపడానికి పనికొస్తుంది.

ఇక ఆ ఒప్పందం. దాని మీద సంతకం పెట్టారా, మునిగిపోయినట్టే! అందులో ‘అనుమతితో ఆడుకుంటున్నారు’ అన్న ముక్క తప్పకుండా ఉంటుంది. ఆ ఒక్క ముక్కతో మీ నలభై ఏళ్ల స్వాధీనం అతని దయ కింద జమైపోతుంది. కుర్రాళ్లను పోగేసి రాత్రికి రాత్రి చెరువు పూడ్చడం కూడా వద్దు. కేసు మీ మీదికి తిరుగుతుంది.

ఆటస్థలం లేకుండా బడి ఉండకూడదని 2023లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు అంది. ఆక్రమించినవాళ్లు మార్కెట్ ధర కడతామన్నా ఒప్పుకోలేదు. అయితే అక్కడ భూమి పంచాయతీదేనన్న విషయంలో వివాదం లేదు. మీ దగ్గర ఆ ధీమా లేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనూ ఆటస్థలం ఉంది గానీ, ఫలానా 80 సెంట్లు మీవేనని అది చెప్పదు.

సాత్విక్ పేరు కన్నా జడ్జిగారికి బడి లాగ్‌బుక్ ముఖ్యం. తనిఖీకి వచ్చిన అధికారులు ఆటస్థలం గురించి రాసిన పేజీలు, ఏటా యూడైస్‌లో (బడుల వివరాల ప్రభుత్వ నమోదులో) నింపిన ఆటస్థలం వివరాలు, క్యాష్‌బుక్‌లో ముగ్గుపొడికీ నెట్‌కీ రాసిన ఖర్చులు, మండల పోటీల ఫొటోలు వెతికి తీయండి. పొక్లెయిన్ పీకేసిన వాలీబాల్ స్తంభాలు గట్టు మీద పడున్నాయన్నారు కదా. మొదళ్లకు సిమెంటు ముద్ద అంటుకునే ఉండాలి. దాన్ని కొట్టేయకండి, కడగకండి. ఉన్నచోటే ఫొటో తీసి, స్తంభాలు పాతినవాడు బతికుంటే సాక్షిగా పెట్టుకోండి.

దావా వేయాల్సింది మీ కమిటీ కాదు, స్వాధీనంలో ఉన్న జిల్లా పరిషత్. హెడ్మాస్టరు చేత ఈ వారమే సీఈఓకు లేఖ పెట్టించి, గడువు తేదీని ఎర్ర ఇంకుతో రాయించండి. పది రోజుల్లో కదలిక లేకపోతే, దావా వేసేలా ఆదేశించమని మీరు హైకోర్టులో రిట్ వేయవచ్చు.

దావాతోపాటే రెండు పిటిషన్లు వేయించండి. ఒకటి, కోర్టు నియమించే అడ్వకేట్ కమిషనర్ వచ్చి ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికి. రెండోది, చెరువులో నీళ్లు పెట్టకుండా ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోసం. వేసవికి కాలువల్లో నీళ్లు ఆపేసేలోపు అతను నీళ్లు పెట్టేస్తాడు. ఆపైన చేపపిల్ల వదిలాడంటే, పంట చేతికొచ్చేదాకా ఆగమని కోర్టును బతిమాలుకుంటాడు. ఆ ఆర్డరు ఈలోపే రావాలి.