ఆడవాళ్ల జిమ్‌లో చేరమంటారా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది ఎం.వి.పి. కాలనీ. సిరిపురంలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నాలుగేళ్లుగా వారానికి నాలుగైదు రోజులు బీచ్ రోడ్డులో నడుస్తున్నాను. క్రిందటి ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ పూర్తి చేశాను. అయినా నేల మీద కూర్చుంటే దేన్నైనా పట్టుకోకుండా లేవలేకపోతున్నాను. రైతు బజారు నుంచి రెండు సంచులు మోసుకుని మూడో అంతస్తు ఎక్కేసరికి చేతులు లాగేస్తున్నాయి. ఈ మధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే అంకె) 6.2 వచ్చింది. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. మా వీధి చివర ఆడవాళ్లకు మాత్రమే అని ఒక జిమ్ తెరిచారు. పన్నెండు మెషీన్లు గుండ్రంగా పెట్టి, ఒక్కొక్క దాని పక్కన ఒక చెక్కపలక వేశారు. మెషీన్ మీద అర నిమిషం, పలక మీద అర నిమిషం కదులుతూ రెండు చుట్లు తిరిగితే అరగంటలో పని అయిపోతుందట. ఫీజు నెలకైతే 2,200 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 18,000. నెలకు 5 కిలోలు తగ్గిస్తామని కూడా అన్నారు. మా అత్తగారు ఇంటి పనిని మించిన వ్యాయామం ఏముందని అంటున్నారు. మావారు నడకే చాలు, డబ్బు దండగ అంటున్నారు. నన్ను చేరమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చేరండి. అయితే ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, నడక మానకండి, నెలకు 5 కిలోల మాటను లెక్కలోకి తీసుకోకండి.

గిరి ప్రదక్షిణ పూర్తి చేసిన మనిషి నేల మీద నుంచి లేవలేకపోవడం మీకు వింతగా తోచి ఉండవచ్చు గానీ, ఈ రెండింటికీ కావలసిన సత్తా ఒకటి కాదు. నడకలో వేసే ఒక్కొక్క అడుగుకు కాలి కండరాలు తమ బలంలో కొద్ది భాగమే ఖర్చు పెడతాయి. అదే పనిని వేలసార్లు చేయించేది గుండె, ఊపిరితిత్తుల ఓర్పు. నేల మీద నుంచి లేవడానికి తొడలు, పిరుదులు ఒక్కసారిగా పెద్ద బలం చూపించాలి. నడక ఎంత చేసినా ఆ బలం పెద్దగా పెరగదు. పైగా నడివయసు నుంచి కండ ఏటా కొంత కరుగుతూ వస్తుంది. నెలసరి ఆగిపోయే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గడంతో ఎముకలు గుల్లబారడం కూడా వేగం అందుకుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని చెప్పి, దానితోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే వ్యాయామం చేయాలని విడిగా చెప్పింది. మీ నడక మొదటి దానికి సరిపోతోంది. రెండోది మీరు ఇంతవరకు మొదలుపెట్టలేదు.

మీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదు, ఇంటి చాకిరీ ఒళ్లు హూనం చేస్తుంది. అయితే అలసట వేరు, బలం పెరగడం వేరు. నిన్న మోసిన నీళ్ల బకెట్టే ఇవాళా, పదేళ్ల తరువాతా అదే బరువు ఉంటుంది కనుక కండరానికి పెరగవలసిన అవసరం రాదు. మీవారి మాటలోనూ సగం నిజం ఉంది. 5.7 నుంచి 6.4 వరకు ఉన్న హెచ్‌బీఏ1సీని మధుమేహానికి ముందు దశగా పరిగణిస్తారు. అటువంటి స్థితిలో ఉన్నవారిపై మన దేశంలో జరిపిన అధ్యయనం ఒకటి 2006లో ప్రచురితమైంది. ఆహారంలో మార్పు, క్రమం తప్పని శారీరక శ్రమ, అందులోనూ ముఖ్యంగా చురుకైన నడక వల్ల, మధుమేహం వచ్చే అవకాశం సుమారు 28 శాతం తగ్గిందని అందులో తేలింది. కాబట్టి నడకను కదిలించవద్దు. భోజనం తరువాత రక్తంలోకి చేరిన చక్కెరలో పెద్ద భాగాన్ని తీసుకునేవి కండరాలే కనుక, వాటికి బలం చేకూర్చడం షుగర్ విషయంలో నడకకు తోడవుతుంది.

ఇక ఆ జిమ్ పద్ధతి గురించి. రకరకాల వ్యాయామాలను ఒకదాని తరువాత ఒకటిగా చుట్టు తిరుగుతూ చేసే ఈ పద్ధతిని సర్క్యూట్ ట్రైనింగ్ అంటారు. ఇది 1953లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గన్, ఆడమ్సన్ అనే ఇద్దరు రూపొందించినది. దాన్ని అరగంటకు కుదించి, గుండ్రంగా అమర్చిన హైడ్రాలిక్ మెషీన్లతో ఆడవారికి మాత్రమే అందించే వ్యాపారంగా పేరు తెచ్చింది అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని హార్లింజెన్‌లో 1992లో మొదలైన కర్వ్స్ సంస్థ. మీరు వర్ణించిన అమరిక అచ్చంగా ఆ నమూనాదే. లీడ్స్ పద్ధతిలో మనిషి మనిషికీ మోతాదు వేరుగా ఉండేది, ఆ మోతాదు తేలికైనకొద్దీ పెంచుతూ పోయేవారు. అరగంట నమూనాలో సౌకర్యం పెరిగింది గానీ, ఈ పెంచడం అన్నది ట్రైనర్ శ్రద్ధ మీద ఆధారపడిపోయింది. నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే.

లెక్క వేసి చూడండి. పన్నెండు మెషీన్లు, పన్నెండు పలకలు, ఒక్కొక్కదాని మీద అర నిమిషం అంటే ఒక చుట్టుకు 12 నిమిషాలు, రెండు చుట్లకు 24 నిమిషాలు. ఒళ్లు వేడెక్కించుకోవడానికి, చివర సాగదీసుకోవడానికి మిగిలిన ఆరు నిమిషాలు. తొడల మెషీన్ ఒక్కటే ఉంటే, మీకు అన్నిటికన్నా అవసరమైన తొడలకు ఆ అరగంటలో దక్కేది మొత్తం ఒక్క నిమిషం. మొదటి నెలల్లో ఆ ఒక్క నిమిషం కూడా పని చేస్తుంది, ఎందుకంటే అలవాటు లేని కండరం ఎంత తక్కువ శ్రమకైనా స్పందిస్తుంది. తరువాత స్పందించదు.

హైడ్రాలిక్ మెషీన్లలో ఇనుప బరువులు ఉండవు. సిలిండరులోని నూనె సన్నని దారి గుండా వెళ్లేటప్పుడు ఎదురుపడే నిరోధమే బరువుగా పని చేస్తుంది. ఎంత వేగంగా తోస్తే అంత బరువుగా అనిపిస్తుంది, నెమ్మదిగా తోస్తే తేలికైపోతుంది. కొత్తవారికి ఇది మేలే: బరువు మీద పడిపోతుందన్న భయం లేదు, మర్నాటి ఒళ్లునొప్పులు కూడా తక్కువ. ఆ నొప్పులు తక్కువగా ఉండడానికి కారణమే దాని లోపం కూడా. ఎత్తిన బరువును నెమ్మదిగా దించే పని ఈ మెషీన్లలో లేదు. మెట్లు దిగడం, కుర్చీలో ధబాలున పడకుండా కూర్చోవడం, పీట మీదకు ఒదగడం ఇవన్నీ దించే బలంతో జరిగే పనులు. కాబట్టి పలకల మీద ఊరికే అడుగులు వేయించే అర నిమిషాల్లో కొన్నింటిని, కుర్చీలోకి నాలుగైదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చుని లేవడానికి మార్చమని ట్రైనర్‌ను అడగండి. కొన్ని రోజుల తరువాత చేతుల్లో డంబెల్స్ పట్టుకుని అదే పని చేయవచ్చు. ఈ మాట విని ఆమె సరేనంటే మంచి జిమ్. "మా పద్ధతిలో అవేవీ ఉండవండీ" అంటే అక్కడ మీకు మూడు నాలుగు నెలలకు మించి నేర్చుకోవలసింది ఉండదు.

ఇన్ని లోపాలు చెప్పి చేరమంటున్నానెందుకంటే, ఆ వీధి చివరి తలుపే మీకు అసలు లాభం. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో గాలిలోని తేమకు చెమట ఆరదు, అక్టోబరు నవంబరుల్లో తుపానుల వల్ల వారాల తరబడి ఉదయపు నడక తప్పిపోతుంది. ఆఫీసు నుంచి వచ్చి, అరగంటలో పని ముగించుకుని, ఎవరో చూస్తున్నారన్న ఇబ్బంది లేకుండా చేతులూ కాళ్లూ చాచగలిగే చోటు నడిచి వెళ్లేంత దూరంలో ఉండడం చిన్న విషయం కాదు. వంగినప్పుడు నడుమును సరిచేయడానికి చెయ్యి వేసే ట్రైనర్ ఆడమనిషైతే, మొదటిసారి జిమ్‌లో అడుగుపెట్టేవారికి సగం సంకోచం అక్కడే పోతుంది. గొప్ప మెషీన్లున్న జిమ్‌కు దూరమని వెళ్లకపోవడం కన్నా ఇది మేలు. అయితే గుమ్మం మీది బోర్డును చూసి అంతా అలాగే ఉంటుందని అనుకోవద్దు. కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటిని ఎవరు చూస్తారు, మీ సమయంలో మగ సిబ్బంది గానీ మరమ్మతులవారు గానీ లోపలికి వస్తారా, ప్రచారానికి వీడియోలు తీస్తారా అని అడగండి. చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో ఫొటోల వాడకానికి అనుమతి ఇచ్చినట్టు రాసి ఉంటే ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టండి.

ఐదు కిలోల సంగతి: ఇటువంటి అరగంటలో సుమారు 150 నుంచి 200 కేలరీలు ఖర్చవుతాయి. నెలకు పన్నెండు సార్లు వెళితే ఎక్కువలో ఎక్కువ 2,400. ఒక కిలో కొవ్వు కరగడానికి దాదాపు 7,700 కేలరీలు కావాలి. అంటే జిమ్ వల్ల నెలకు తగ్గేది మూడు వందల గ్రాములకు అటూ ఇటూ. తక్కినదంతా కంచం దగ్గర తేలవలసిందే. ఈ లెక్క ఆ జిమ్ వారికి తెలియదని నేను అనుకోను.

బరువు తూచుకోవడానికి బదులు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. చేతులు గుండె మీద కట్టుకుని, కదలని కుర్చీలో నుంచి అర నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో చేరిన రోజున రాసి పెట్టుకోండి, ప్రతి నెలా మళ్లీ చూడండి. ఆ అంకె పెరుగుతున్నంత కాలం ఫీజు సార్థకమే.

ఫీజు విషయానికి వస్తే, నెలకు 2,200 చొప్పున ఎనిమిది నెలలకు 17,600 అవుతుంది. అంటే ఎనిమిది నెలలకు మించి క్రమం తప్పకుండా వెళ్లినవారికే ఏడాది పథకం కలిసి వస్తుంది. పిల్లల పరీక్షలు, పెళ్లిళ్లు, ఆఫీసులో మార్చి నెల లెక్కలు ఉన్న ఇంట్లో అది ఎంతవరకు జరుగుతుందో మీకే తెలుసు. మూడు నెలలు నెలవారీగా కట్టి, పైన చెప్పిన అంకె చూసుకుని, అప్పుడు నిర్ణయించండి. చెప్పిన ఫీజులో జీఎస్టీ కలిసి ఉందో లేదో అడగండి. జిమ్‌లపై ఈ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత రేటు వేస్తే ప్రశ్నించండి. రసీదు తప్పక తీసుకోండి. డబ్బు కట్టించుకుని సేవ అందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు.

చేరే ముందు మీ డాక్టరును ఒకసారి కలిసి బీపీ అదుపులో ఉందో లేదో చూపించుకోండి. మెషీన్ తోసేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి వెళుతుంది. తోసేటప్పుడు ఊపిరి వదలండి. ఇటువంటి జిమ్‌లలో మధ్యమధ్య నాడి చూసుకుని గోడ మీది పట్టికతో పోల్చుకోమంటారు. మీరు వేసుకునే మాత్ర అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటిదైతే అది నాడి వేగాన్ని అణచి ఉంచుతుంది కనుక ఆ పట్టిక మీకు వర్తించదు. రొప్పుతూనే అయినా చిన్న చిన్న మాటలు మాట్లాడగలిగితే శ్రమ సరిగ్గా ఉన్నట్టు. ఛాతీలో బిగువు గానీ, కళ్లు తిరగడం గానీ కనిపిస్తే చుట్టు పూర్తి కావాలని చూడకుండా అక్కడికక్కడే ఆపేయండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మధురవాడలో ఉంటాను, రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు బరువులు ఎత్తడం నేర్చుకోవాలని ఉంది. దగ్గరలోని జిమ్‌కు ఆడా మగా అందరూ వస్తారని అమ్మ ఒప్పుకోవడం లేదు, ఆడవాళ్ల సర్క్యూట్ జిమ్‌లోనే చేరమంటోంది. బరువులెత్తితే మగవాళ్లలా కండలు వస్తాయని మా పిన్ని భయపెడుతోంది.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: పై ఉత్తరం రాసిన వారికి చెప్పినది మీకు వర్తించదు. మీ వయసులో, ఆరోగ్యం బాగున్నప్పుడు, హైడ్రాలిక్ మెషీన్లు త్వరలోనే చాలకుండా పోతాయి. ఎముకల గట్టిదనం సుమారు 30 ఏళ్ల లోపే గరిష్ఠానికి చేరుతుంది కనుక, బరువులు నేర్చుకోవడానికి ఇదే తగిన కాలం. మీ పిన్నిగారి భయానికి ఆధారం లేదు. కండ విపరీతంగా పెరగడానికి తోడ్పడే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ స్త్రీలలో పురుషులకన్నా ఎన్నో రెట్లు తక్కువ. ఏళ్ల తరబడి అదే పనిగా శ్రమిస్తే తప్ప ఆవిడ ఊహించుకునే కండలు మగవారికి కూడా రావు.

అమ్మగారి అభ్యంతరం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. అందరూ వచ్చే జిమ్‌లలో కొన్ని ఆడవారికి ప్రత్యేకంగా వేళలు కేటాయిస్తాయి, ఆడ ట్రైనర్ ఉన్నవీ దొరుకుతాయి. ఆ వేళలు మీ షిఫ్టుతో కుదురుతాయో లేదో ముందు కనుక్కోండి, తరువాత అమ్మగారిని ఒక సాయంత్రం అక్కడికి వెంట తీసుకువెళ్లి ఆ ట్రైనర్‌తో మాట్లాడించండి. అప్పటికీ ఆవిడ కాదంటే, ఆడవాళ్ల జిమ్‌లోనే డంబెల్స్, బార్‌బెల్ ఉన్నది వెతకండి. కొంచెం దూరమైనా, ఒక్క గది నిండా గుండ్రంగా మెషీన్లు మాత్రమే ఉన్నదానికన్నా అది మీకు నయం.