ఫైలు తెరుస్తున్నాను, పని మాత్రం మొదలవడం లేదు

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి నెలన్నర గడువుంది. సర్వే పూర్తయింది, పట్టికలూ సిద్ధంగా ఉన్నాయి. రాయడానికి కూర్చుంటే మాత్రం చేయి కదలదు. ఇదివరకు చేరిన ఆన్‌లైన్ కోర్సులు కూడా ముప్పావు వంతు దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంట్లోవాళ్లు ఇది బద్ధకమంటున్నారు. మోటివేషన్ ఎలా తెచ్చుకోవాలి? ఇలాగే ఉంటే ఉద్యోగంలో నెగ్గుకురాగలనా?

జవాబు: ముక్కూముఖం తెలియనివారిని కలిసి, ప్రశ్నలడిగి, వారి జవాబులను పట్టికల్లోకి ఎక్కించిన మనిషిని నేను బద్ధకస్తుల జాబితాలో వేయను. అంత పనీ చేసి రాత దగ్గర ఆగారంటే, మీరు తప్పించుకుంటున్నది శ్రమను కాదు, రాయబోతే కలిగే ఏదో ఒక ఇబ్బందిని. కెనడాకు చెందిన టిమోతీ పిచిల్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వాయిదా అలవాటు గురించి చాలా ఏళ్లుగా చెబుతున్నది ఇదే. పని తలపుకు రాగానే బెరుకో విసుగో కలుగుతుంది. పక్కన పెట్టగానే ప్రాణం తెరిపిన పడుతుంది. ఆ తెరిపికి అలవాటు పడ్డాక టైమ్‌టేబుల్ ఎంత చక్కగా వేసుకున్నా గోడ మీదే ఉంటుంది.

కాబట్టి ముందు ఆ ఇబ్బంది ఏమిటో కనిపెట్టాలి. ఈసారి ఫైలు తెరిచాక మొదటి ఐదు నిమిషాలు మీరేం చేస్తున్నారో గమనించండి. విద్యార్థుల దగ్గర నేను తరచూ చూసే వరస ఇలా ఉంటుంది. శీర్షిక పేజీలో అక్షరాల సైజు మారుస్తారు. ‘ఈ అధ్యయనం ముఖ్యోద్దేశం’ అని టైపు చేసి, బాగాలేదని చెరిపేస్తారు. మళ్లీ అదే రాస్తారు. ఇంకో రెండు వ్యాసాలు చదివాక రాద్దామని బ్రౌజర్ తెరుస్తారు. ఇక ఆ పూటకు అంతే సంగతులు.

ఆ వాక్యాన్ని ఎందుకు చెరిపారు? గైడు ఏమంటారోనన్న భయంతోనైతే, ఎవరికీ చూపించని చిత్తుప్రతి ఒకటి వేరే ఫైలులో రాయండి, తప్పులతోనే. పట్టికలోని అంకెలు ఏం చెబుతున్నాయో మీకే అంతుపట్టకపోతే దానికి మోటివేషన్‌తో సంబంధమే లేదు. అది గైడును అడగవలసిన ప్రశ్న, పావుగంటలో తేలిపోతుంది. ఇది తెలియక నెలల తరబడి తమను తామే తిట్టుకునేవారు ఎందరో. ఒట్టి విసుగే అయితే కూర్చునే సమయాన్ని ఇరవై నిమిషాలకు కుదించండి, చాలు.

ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామని చూడకండి. అది చాలావరకు పనిలో దిగాకే వస్తుంది. స్ఫూర్తినిచ్చే వీడియోలు గంటలకొద్దీ చూడటం, నన్నడిగితే, గౌరవప్రదమైన వాయిదా. దానికన్నా ‘ఎప్పుడు, ఎక్కడ, ఏది’ అన్న మూడూ తేల్చుకున్న ఒక్క వాక్యం మేలు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్, మరో పరిశోధకురాలు కలిసి 1997లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. క్రిస్మస్ ముందురోజు ఎలా గడిచిందో రెండు రోజుల్లోగా రాసి పంపమని విద్యార్థులను అడిగారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకున్నవారిలో నలుగురికి దాదాపు ముగ్గురు రాశారు. మిగతావారిలో రాసింది మూడో వంతు మందే. అందుకే ‘రేపు రిపోర్టు రాస్తాను’ అనుకోకండి. ‘ఉదయం క్లాసు అవగానే లైబ్రరీలో కూర్చుని, మూడో పట్టిక కింద నాలుగు వాక్యాలు రాస్తాను’ అనుకోండి.

పట్టిక అని ఊరికే అనలేదు. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టడమే చాలామంది కొంప ముంచుతుంది. ఇంకా రాయని రిపోర్టుకు పరిచయం రాయడం ఎవరికైనా కష్టమే, దాన్ని చివరికి వదిలేయండి. పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకె ఏది, మీరు అనుకోనిది ఏది, అలా ఎందుకు వచ్చి ఉంటుంది? ఈ మూడింటికీ జవాబులు రాస్తే ఒక పేరా వచ్చేసినట్టే. లేచేముందు తర్వాత రాయబోయేది ఒక ముక్క రాసిపెట్టండి, మర్నాడు తెల్ల కాగితాన్ని చూస్తూ కూర్చునే బాధ తప్పుతుంది.

ఇక గడువు. నెలన్నర చాలా ఎక్కువలా కనిపిస్తోంది కదా? మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బ్యూలర్ బృందం 1994లో థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగినా 49 రోజుల్లో అయిపోతుందన్నారు. పట్టింది 55 రోజులకు పైనే. అందుకే చివరి తేదీని మరచిపోండి. ఒక్కో అధ్యాయానికి ఒక్కో తేదీ పెట్టమని గైడునే అడగండి. మనం పెట్టుకున్న గడువును మనమే జరుపుకుంటాం, గైడు పెట్టినదాన్ని జరపాలంటే కాస్త మొహమాటపడతాం. ఆ మొహమాటం మీకిప్పుడు అక్కరకొస్తుంది.

మధ్యలో ఒక తేదీ తప్పితే మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి. ఇది ఓదార్పు కోసం చెబుతున్న మాట కాదు. పిచిల్, ఆయన సహచరులు 2010లో మొదటి సంవత్సరం విద్యార్థులపై జరిపిన పరిశీలనలో, తొలి పరీక్షకు వాయిదాలు వేసినందుకు తమను తాము క్షమించుకున్నవారు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదాలు వేశారు. మీ ఇంట్లోవారికి ఈ పేరా చూపించండి. అయితే రిపోర్టే కాదు, ఇష్టమైన పనులు కూడా వారాల తరబడి చేయబుద్ధి కాకపోతే, నిద్ర, ఆకలి తప్పుతుంటే సలహాలు పక్కన పెట్టి డాక్టరును కలవండి.

కోర్సుల విషయానికొస్తే, ముప్పావు వంతు దగ్గరే ఎందుకు ఆగారో నేను ఊహించగలను. సాధారణంగా అక్కడితో చూసే పాఠాలు అయిపోయి, సొంతంగా ఏదైనా చేసి చూపించవలసిన భాగం మొదలవుతుంది. సర్వే దాకా సాగిన రిపోర్టు ఆగింది కూడా సరిగ్గా అలాంటి చోటే. అంటే మీకు ఎన్నో లోపాలు లేవు, ఉన్నది ఒకటే చిక్కు: మీ సొంత పనిని ఇంకొకరి ముందు పెట్టడం. ఉద్యోగంలో అది రోజూ ఉండేదే. కాకపోతే అక్కడ చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వవచ్చు, సరిదిద్దేవారూ ఉంటారు. ఆ సాధన ఈ వారమే మొదలుపెట్టండి, ఒక్క పట్టిక వివరణ రాసి, సగం సగంగా ఉన్నా సరే, గైడుకు పంపండి. ఆగిపోయిన కోర్సుల్లో మీరు కోరుకునే ఉద్యోగానికి పనికొచ్చేది ఒక్కటి ఎంచుకుని, రిపోర్టు ఇచ్చాక పూర్తి చేయండి. తక్కినవాటిని రెజ్యూమె నుంచి తీసేయండి.