బీడీ చదువు కాగితం మీద 4 ఏళ్లు, నాకు ఆరు దాటాయి

డిగ్రీ తరువాత సెమినరీలో, అంటే పాస్టర్లను తయారుచేసే కళాశాలలో, చేరితే బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) గానీ ఎం.డివ్ (మాస్టర్ ఆఫ్ డివినిటీ) గానీ ఎన్నేళ్లలో పూర్తవుతుందని అడిగారు. కాగితం మీది లెక్క చిన్నదే. ఈ దైవజ్ఞాన పట్టాలిచ్చే సెరంపూర్ సెనేట్ కింది కళాశాలల్లో డిగ్రీ ఉన్నవాళ్లకు బీడీ 4 ఏళ్లు. ఎం.డివ్ మామూలుగా 3 ఏళ్లు. ఆపైన ఎం.టీహెచ్‌ (మాస్టర్ ఆఫ్ థియాలజీ)కు ఇంకో 2. నేను చేసింది బీడీ. చదవాలని అనుకున్న నాటి నుంచి పట్టా చేతికి వచ్చేసరికి ఆరేళ్లు దాటాయి. మా మేనత్త అయితే చాలాకాలం నేను బీడీల వ్యాపారంలో దిగాననే అనుకుంది. తునికాకు ఏరే కొండల పక్కన పుట్టిన మనిషి, ఆమె తప్పేమీ లేదు.

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, మేము ఇంట్లో తెలుగులోనే ఉండిపోయాం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కడ తెలుగు బడి. నాన్న నన్ను మా వీధి చివరి ఒడియా బడిలో వేశారు. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర, చర్చిలో పాడే కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. ఆ కీర్తనలన్నీ ముందే నోటికి వచ్చు కాబట్టి, నిజంగా చదివానో గుర్తున్నది పాడానో నాకే తెలియదు. రాయడం మాత్రం రాలేదు.

సెమినరీలో రెండో ఏడు ప్రసంగ తరగతి. తెలుగులో వాక్యం, అంటే బైబిలు మీద ప్రసంగం, చెప్పాలి, రాసుకున్న ప్రతిని పాఠం చెప్పే అయ్యగారికి ఇవ్వాలి. తప్పిపోయిన కుమారుడి ఉపమానం తీసుకుని రాత్రంతా కూర్చుని పదకొండు పేజీలు రాశాను. బాగానే చెప్పాను, వెనుక వరుసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా. కిందికి దిగగానే అయ్యగారు కాగితాలు అందుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇది ఏ భాష నాయనా?"

"తెలుగేనండి అయ్యగారూ."

"మరి ఈ అక్షరాలు?"

"ఒడియా అండి."

పక్కనున్న కర్నూలు అబ్బాయి నేను హీబ్రూను గుండ్రంగా రాశానేమో అనుకున్నాడట! అయ్యగారు నవ్వారు గానీ మార్కులు వేయలేదు. చదవలేని దానికి ఎలా వేస్తారు? ఆ ఒక్క పేపరు మిగిలిపోయి పట్టా ఏడాది వెనక్కి పోయింది.

అందరూ హీబ్రూ అంటే హడలిపోతారు. నాకు సుఖంగా గడిచింది ఆ తరగతే. కుడి నుంచి ఎడమకు చదవడం గుంటూరు వాడికీ కొత్తే, నాకూ కొత్తే. నన్నడిగితే మన సరిహద్దు పిల్లలు వెనకబడేది దైవజ్ఞానంలో కాదు, తెలుగు రాతలో. ఆ సెలవుల్లో బైబిల్లోని కీర్తనల గ్రంథం 150 కీర్తనలూ చూసి రాశాను. 119వ కీర్తన హీబ్రూ అక్షరమాల వరుసలో కట్టినది, 176 వచనాలు. దానితో నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. "క్ష" ఇప్పటికీ వంకరగానే వస్తుంది.

ఇక మిగతా కాలం ఎక్కడ పోయిందంటారా? మన చర్చి సంఘం సిఫారసు ఉత్తరం లేకుండా సెమినరీ దరఖాస్తు ముట్టుకోదు. మా సంఘంలో కార్యదర్శి ఎవరన్న దానిపై పెద్దలు రెండు జట్లయ్యారు. ఒక జట్టు సంతకం పెడితే రెండో జట్టు అది చెల్లదంటుంది. ఇద్దరి ఇళ్లలోనూ టీ తాగుతూ 14 నెలలు తిరిగాను. పరిచర్యకు పిలుపు దేవుడిదే కావచ్చు, రబ్బరు ముద్ర మాత్రం కార్యదర్శి గారి బీరువాలో ఉంటుంది.

మీరు ఎం.డివ్ తీసుకుంటారో బీడీ తీసుకుంటారో నిదానంగా తేల్చుకోండి. ఉత్తరం సంగతి మాత్రం ఈ ఆదివారమే కదపండి. రెండు ప్రతులు తీసుకోండి, నా మొదటిది పెద్దల చేతుల్లోనే పోయింది.