కాలి ఎముక మీద ఒకేచోట నొప్పి

ఎముకలు–కీళ్లు: పాఠకుల ప్రశ్నలకు డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నా వయసు 22. మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రాత్రి డ్యూటీ చేస్తూ కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. తెల్లవారి 5 గంటలకు డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకు పోయి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తాను. రాత్రి నిద్ర ఆపుకోవడానికి రెండు, పరుగుకు ముందు ఒకటి, రోజుకు మూడు ఎనర్జీ డ్రింకులు తాగుతున్నాను. నెల నుంచి ఎడమకాలి ముందు ఎముక మీద ఒకచోట నొప్పి. డ్రింకు తాగి పరిగెత్తితే తెలియదు. మధ్యాహ్నం నిద్ర లేచేసరికి కాలు మోపలేకపోతున్నాను. ఈ డ్రింకులకు ఎముకలు కరిగిపోతాయని రూమ్‌లో ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? క్యాల్షియం మాత్రలు వేసుకుంటే సరిపోతుందా? ఈవెంట్స్ (పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు) దగ్గర పడుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నాయనా, డ్రింకు సంగతి తర్వాత. ముందు నీ కాలు. నీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట ‘ఒకచోట నొప్పి’ అన్నది. పరుగు కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు మోకాలి కింద లోపలివైపు బారునా నొప్పి రావడం మామూలే. కొన్నాళ్లు పరుగు మానితే తగ్గుతుంది. వేలు పెట్టి చూపించగలిగేంత ఒకేచోట, అదీ ఎముక మీద నొప్పి ఉండి, పరుగు ఆపినాక కూడా వదలకపోతే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను అనుమానించాలి. ఒక్క దెబ్బకు ఎముక విరగడం కాదిది, రోజూ పడే అదురుకు సన్నగా చీలడం. పరుగులో ఎముకకు కంటికి కనపడనంత చిన్న దెబ్బలు తగులుతూనే ఉంటాయి. విశ్రాంతి దొరికితే ఒళ్లే వాటిని పూడ్చుకుంటుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా దూరం పెంచుకుంటూ పోతే చీలిక మిగిలిపోతుంది. నోటిఫికేషన్ పడగానే ఒక్కసారిగా పరుగు అందుకునేవాళ్లు, అరిగిన బూట్లతో సిమెంటు రోడ్డు మీద పరిగెత్తేవాళ్లు ఈ నొప్పితోనే నా దగ్గరికి వస్తుంటారు.

అందుకని రేపటి నుంచే పరుగు ఆపెయ్యి. ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించుకో. మొదటి రెండు మూడు వారాలు ఇలాంటి చీలిక ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని చెప్పినా నొప్పి అక్కడే నిలిచి ఉంటే, ఎంఆర్ఐ తీయించాలా అని నువ్వే అడుగు. చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుక్కుంటుంది. ఎముక ముందు అంచున వచ్చే చీలిక మాత్రం మొండిది. దాని మీద పరిగెత్తితే ఎముక పూర్తిగా విరగవచ్చు, ఆపరేషన్ చేసి రాడ్డు వేయాల్సి రావచ్చు. ఇన్నాళ్లు కష్టపడి ఈవెంట్స్ ముందర ఆగమంటే ఎంత బాధో నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను, ఆగు.

ఇప్పుడు నువ్వు అడిగిన మాట. ఎముకలు కరిగిపోవు. కాఫీలోనూ ఈ డ్రింకుల్లోనూ ఉండే కెఫీన్ వల్ల మూత్రంలో క్యాల్షియం కొంచెం ఎక్కువగా పోతుందన్నది నిజమే. కానీ ఒక కప్పు కాఫీకి పోయేది 5 మిల్లీగ్రాముల లోపే. ఒకటి రెండు పెద్ద చెంచాల పాలు ఆ లోటు తీరుస్తాయి. కూల్‌డ్రింకుల మీద ఉన్న అనుమానం వేరు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో, తరచూ కోలా తాగే ఆడవాళ్లకు తుంటి ఎముక సాంద్రత తక్కువగా ఉందని 2006లో తేలింది. మగవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. కోలాల్లో ఉండేది ఫాస్పారిక్ యాసిడ్. నువ్వు తాగే రకం డ్రింకుల్లో ఎక్కువగా సిట్రిక్ యాసిడ్ కలుపుతారు. కాబట్టి ఆ ఫలితాన్ని తెచ్చి నీకు అంటగట్టను.

నీ ఎముకకు ఈ డ్రింకు చేస్తున్న చెరుపు వేరే దారుల్లో వస్తోంది. కెఫీన్ అలసటను, కొంతవరకు నొప్పిని కూడా తెలియనివ్వదు. తాగి పరిగెత్తితే నొప్పి తెలియదని నువ్వే రాశావు. ఇంట్లో దొంగ పడితే మొరిగే కుక్క నోరు కట్టేసినట్టుంది ఈ పని.

రెండోది నిద్ర. రక్తంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. 5 గంటలకు తాగిన సీసాలో సగం, పది గంటలకు కూడా నీ ఒంట్లోనే ఉంటుంది. నువ్వు పడుకునేదే ఆ వేళకు. పడుకున్నా ఒళ్లు మరమ్మతు చేసుకునేంత గాఢంగా నిద్ర పట్టదు. మన దేశపు ఆహార భద్రతా సంస్థ నియమం ప్రకారం ఈ డ్రింకుల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 దాకా, నీ మూడింటిలో 225 దాకా. రోజుకు 500 మిల్లీలీటర్లు దాటవద్దని ఆ సీసా మీదే రాసి ఉంటుంది. నువ్వు 750 తాగుతున్నావు.

మూడోది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, తిండి. పొద్దున ఏం తింటావో నువ్వు రాయలేదు. రాత్రి డ్యూటీ పిల్లలు చాలామంది డ్రింకుతో ఆకలి చంపుకొని, పడుకొని లేచి, ఏ మూడింటికో ఒక బిర్యానీ పొట్లం తింటారు. పాలు లేవు, పెరుగు లేదు. ఎముక గట్టిపడే వయసు ముప్పై దాకానే, అందులోనూ ఎక్కువ భాగం ఇరవైలోపే అయిపోతుంది. నీకు మిగిలినవి ఈ కొద్ది ఏళ్లే. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క ఇచ్చింది. పాలు పిండి ఊరూరా పాలకేంద్రానికి పోసే జిల్లా మనది. ఆ ఇళ్ల పిల్లలే నా దగ్గర బలహీనమైన ఎముకలతో కూర్చుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇందులో ఎండ సంగతి కూడా ఉంది. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ హరినారాయణ్ బృందం ఈ ప్రాంతపు ఆరోగ్యవంతులనే పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. పట్నంలోనూ పల్లెలోనూ తిండిలో క్యాల్షియం తక్కువే. విటమిన్ డి పల్లెవాళ్లకంటే పట్నంవాళ్లలో ఇంకా తక్కువ. ఇంత ఎండ కాసే ఊళ్లో! నువ్వు చీకటితో పరిగెత్తి, ఎండ ఎక్కినాక పడుకుంటున్నావు. ఒంట్లో విటమిన్ డి తయారయ్యేది ముఖ్యంగా 11 నుంచి 2 గంటల మధ్య ఎండలో. ఆ వేళ కాసేపు చేతులకూ ముఖానికీ ఎండ తగలనివ్వు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు విటమిన్ డి పరీక్ష కూడా చేయించుకో. షాపులో 60,000 యూనిట్ల మాత్రలు కొని రోజూ మింగేవు, అది ప్రమాదం. క్యాల్షియం మాత్ర కూడా డాక్టరు రాస్తేనే. చీలిన ఎముక మీద పరిగెత్తుతూ మాత్ర మింగితే అది అతుక్కోదు.

తిండికి నీ ఊరు చాలు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది, గ్లాసు పాలల్లో 240. సంగటి, ఉలవల రసం, మునగాకు పప్పు, పులిసిన అంబలి, రెండు పూటలా పెరుగు. రాగులు మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా క్యాల్షియం ఒంటికి ఇంకా బాగా పడుతుంది. సెలవుకు ఇంటికి పోయినప్పుడు మీ అమ్మను రాగిపిండి అడిగి తెచ్చుకో.

డ్రింకు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి. ముందు పరుగు సీసా మానెయ్యి, వారానికొకటి చొప్పున మిగతావీ తగ్గించు. డ్యూటీ మొదట్లో ఒక కాఫీ తాగు. గిరాకీ లేని వేళ, ఓనర్ని అడిగి ఇరవై నిమిషాలు కునుకు తియ్యి. గుండె దడ వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. స్కూలు వదలగానే స్నేహితులతో కలిసి 20 రూపాయల ఎనర్జీ డ్రింకు తాగుతున్నాడు. వారానికి రెండుసార్లేలే అని వాళ్ల నాన్న వదిలేస్తున్నారు. పర్వాలేదా?
– ఒక తల్లి, పుత్తూరు

జవాబు: పర్వాలేదని నేను అననమ్మా. పిల్లలకు, గర్భిణులకు తగదని ఆ సీసా మీదే అచ్చు వేసి ఉంటుంది. మీవారికి అది చూపించండి. లిథువేనియా 2014లోనే, పోలాండ్ 2024 జనవరి నుంచి 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదని చట్టం పెట్టాయి. సీసా వెనక 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాముల చక్కెరో ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా అయితే దాన్ని రెండున్నరతో గుణించి, చెంచాకు నాలుగు గ్రాముల లెక్కన నాలుగుతో భాగిస్తే సీసాలో ఎన్ని చెంచాల చక్కెరో తెలుస్తుంది. ఆ లెక్క అబ్బాయి చేతే చేయించండి. సాయంత్రం ఆకలితోనే వాడు ఆ షాపు దగ్గర ఆగుతాడు. ఇంటికి రాగానే రాగి మాల్టో, మజ్జిగా చెనిక్కాయల ముద్దో చేతిలో పెట్టండి. స్కూలు దగ్గర షాపతనితో మీరూ మిగతా తల్లిదండ్రులూ కలిసి వెళ్లి మాట్లాడండి. ఒక్కరు చెబితే వినకపోవచ్చు, పదిమంది వెళ్తే వింటాడు.