ఎండాకాలంలో మొలకలు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: పెసలు, శనగలు కలిపి గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక పచ్చివే తినడం మా ఇంట్లో అలవాటు. చలికాలంలో బాగానే వస్తాయి గానీ, ఎండలు ముదిరాక జిగురు పట్టి పులిసిన వాసన వేస్తున్నాయి. కడిగితే వాసన పోతోంది. అలా కడిగి తినవచ్చా? ఇంట్లో డెబ్బై దాటిన అత్తగారు, మూడేళ్ల పాప ఉన్నారు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తినకూడదమ్మా, వాటిని పారవేయడమే మంచిది. కడిగినప్పుడు పైనున్న జిగురు పోతుందే తప్ప, దానికి కారణమైన సూక్ష్మజీవులన్నీ పోవు. గింజ పొట్టు చీలికల్లో దాగిన వాటిని నీళ్లు కదిలించలేవు. మొలక రావడానికి అవసరమైన తడి, వెచ్చదనమే బాక్టీరియా పెరగడానికీ అనువైనవి కాబట్టి, గింజలో కొద్దిపాటి కాలుష్యం ఉన్నా ఒక్క రోజులో అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఈ-కొలై అనే బాక్టీరియా వల్ల నాలుగు వేల మంది వరకు జబ్బుపడి, 50 మందికి పైగా మరణించారు. అక్కడ అనుమానం గింజల మీదికే వెళ్లింది. అందువల్ల వంటిల్లు ఎంత శుభ్రంగా ఉన్నా, చెడు వాసన రాకపోయినా, పచ్చి మొలకలకు పూర్తి భరోసా ఇవ్వలేము.

ఇక మీ మొలకలు పాడవడానికి ముఖ్య కారణం నీళ్లు సరిగా వంచకపోవడమో, మూట బిగించి కట్టడమో అయి ఉంటుంది. మొలకెత్తే గింజ శ్వాసిస్తూ తానే కొంత వేడి పుట్టిస్తుంది. పెద్ద మూట మధ్యలో వేలు పెట్టి చూడండి, ఆ వేడి మీకే తెలుస్తుంది. ఎండాకాలంలో ఆ వేడికి బయటి వేడి తోడవుతుంది. కాబట్టి ఒక పూటకు సరిపడా గింజలే తీసుకుని, పుచ్చులు, విరిగినవి ఏరివేసి, ఆరేడు గంటలు మాత్రమే నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. తర్వాత చిల్లుల గిన్నెలో వేసి నీరంతా కారిపోయేదాకా ఉంచి, ఉతికి ఎండలో ఆరవేసిన పలచని నూలుగుడ్డలో వదులుగా చుట్టి, ఇంట్లో చల్లగా ఉండే చోట పెట్టండి. ఆరేడు గంటలకొకసారి తాగే నీటితో కడిగి, మళ్లీ పూర్తిగా వంచాలి. పెసలు ఒక రోజులో మొలకెత్తితే శనగలకు ఇంచుమించు రెండు రోజులు పడుతుంది. రెండూ ఒకే మూటలో ఉంటే శనగలు మొలిచేలోగా పెసలు ముదిరి కుళ్లడం మొదలవుతుంది. పెసర పొట్టు చీలి, తెల్లని మొలక గింజంత పొడవు సాగగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లోపు వాడేయండి.

అత్తగారికీ పాపకూ మాత్రం పచ్చివి పెట్టవద్దు. గర్భిణులకూ, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికీ ఇదే వర్తిస్తుంది. గుగ్గిళ్లలాగా మెత్తగా ఉడికించి తాలింపు వేసి పెట్టండి. ఎండు పెసలలో దాదాపు లేని సి విటమిన్ మొలకెత్తేటప్పుడు తయారవుతుంది, ఉడికిస్తే అందులో కొంత తగ్గుతుంది. దించాక నిమ్మరసం పిండితే ఆ లోటు తీరడమే కాక, గింజలోని ఇనుము ఒంటికి పట్టడం కూడా మెరుగవుతుంది. కడుపుబ్బరం కలిగించే కొన్ని చక్కెరలు మొలకెత్తినప్పుడే తగ్గిపోతాయి కాబట్టి, ఉడికించినంత మాత్రాన ఆ ప్రయోజనం పోదు.

ప్రశ్న: అన్ని గింజలూ మొలకెత్తించి తినవచ్చా? రాజ్మా, జొన్నలు, రాగులు కూడా వేద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఈ మూడింటికీ మూడు రకాల సమాధానాలు చెప్పాలి. రాజ్మాలో లెక్టిన్ అనే హానికర పదార్థం ఎక్కువగా ఉంటుంది, అది మొలకెత్తినంత మాత్రాన పోదు; పచ్చి మొలకలు కొద్దిగా తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సన్నని సెగ మీద సగం ఉడికించడమూ ప్రమాదమే. బాగా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కరులో మెత్తగా ఉడికించి తినండి.

జొన్న మొలకల జోలికి వెళ్లవద్దు. లేత జొన్న మొక్కలో సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది; లేత జొన్న పైరు మేసిన పశువులు ప్రాణం మీదికి తెచ్చుకోవడం రైతులకు తెలిసిన విషయమే. అలాగే విత్తడానికి అమ్మే గింజలకు మందు పట్టించి రంగు వేస్తారు కాబట్టి, విత్తనాల దుకాణం నుంచి తెచ్చినవి ఏ రకమైనా తినడానికి వాడవద్దు.

రాగులు నిశ్చింతగా వేసుకోండి. మొలక చిన్నగా కనబడగానే నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించండి. మొలకెత్తినప్పుడు పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత విడగొట్టడం వల్ల ఈ పిండితో కాచిన జావ పలచగా ఉంటుంది. చిక్కటి జావ మింగలేని పసిపిల్లలకు, అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పట్టించవచ్చు.